తనిఖీకి వెళ్లినవారు ఎక్కడ కూర్చోవాలి?

(అనంతపురంలో జరిగిన పెద్దసారు స్మారకోపన్యాసం, అచ్చుపాఠం)



బ్యానరు మీద తన పేరు వేయవద్దని పెద్దసారు ముందే చెప్పి పోయారట. నిర్వాహకులు ఆ మాట నిలబెట్టారు కాబట్టి నేనూ పేరెత్తను. పెద్దసారు అంటే ఈ హాల్లో తెలియనివారు లేరు. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఒకటో తరగతిని ఆయన ఇంకొకరికి ఇవ్వలేదు, తనే పెట్టుకున్నారు. "పదికి చెప్పేవాడు యాడైనా దొరుకుతాడప్పా, ఒకటికి చెప్పేవాడే దొరకడు" అనేవారు. ఒకటో తరగతి కన్నా ముందుండే పిల్లల గురించి మాట్లాడమని నన్ను పిలిచారంటే ఆ మాట ఎవరికో ఇంకా గుర్తుందన్నమాట.

కరపత్రంలో "ఆటలతో చదువు" అని వేశారు. ముందు వరుసల్లో హెడ్మాస్టర్లు, ఎంఈఓలు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, ప్రైవేటు స్కూళ్ల కరస్పాండెంట్లు ఉన్నారు. టీచర్లు వెనక వరుసల్లో సర్దుకున్నారు. మన సభలెప్పుడూ ఇంతే. ఈ విషయం మీద టీచర్లకు శిక్షణలు బోలెడు జరిగాయి. బుక్కపట్నం డైట్‌లో పనిచేసిన రోజుల్లో నేనూ ఇచ్చాను. కాబట్టి వెనక వరుసలకు కొత్తగా చెప్పేది పెద్దగా లేదు. వాళ్ల గది గుమ్మంలో నిలబడి లోపలికి చూసేవాళ్లతో మాట్లాడదామని వచ్చాను. అంటే మీతో.

నేను చెప్పదలచింది ఒకటే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గదిలో ఏం జరగాలన్నది శిక్షణ పుస్తకం మీద ఆధారపడి లేదు. విజిట్‌కు వచ్చినవారు గుమ్మం దాటగానే మొట్టమొదట ఏం అడుగుతారన్న దాని మీద ఆధారపడి ఉంది. "నోటు పుస్తకాలు చూపించమ్మా" అన్నారనుకోండి, మర్నాటి నుంచి ఆ గదిలో నోటు పుస్తకాలే ఉంటాయి. "ఎంతమంది వచ్చారు, ఎన్ని గుడ్లు ఉడికాయి" అని మాత్రమే అడిగితే హాజరు, గుడ్లు సరిగ్గా ఉంటాయి. అడగనిది ఏదీ నిలవదు. టీచరును తప్పు పట్టనక్కర్లేదు, ఉద్యోగం చేసే ఎవరైనా అంతే.

కంబదూరు వైపు ఒక అంగన్‌వాడీలో చూసిన ఆట చెబుతాను. వానలు మొహం చాటేసిన ఆగస్టు. రేకుల పంచ కింద అరడజను మంది పిల్లలు. ప్లాస్టిక్ స్టూలు బోర్లా పడి ఉంది, అది బోరు లారీ. పక్కన కందికట్టెల కట్ట, అవి పైపులు. ఒకడు డ్రైవరు, నోటితోనే ఇంజను నడుపుతున్నాడు. ఒకడు పగిలిన పలక పట్టుకుని మేనేజరు. ఒక పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని రైతు భార్య.

"మున్నూరడుగులాయ."

"నీళ్లు రాల్యా?"

"దుమ్మే వస్తాంది."

"ఇంగ రెండు పైపులు ఎయ్యి."

"లెక్క యాడుందప్పా?"

"మా కమ్మలు పెడతాంలే, నువ్వు ఎయ్యి."

ఈ సంభాషణ ఆ పిల్లలకు ఎవరూ నేర్పలేదు. ఏడాది సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఇంట్లో పెద్దవాళ్లు ఏడుస్తూ నవ్వుతూ ఆడిన మాటలవి. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఒక మూల కూర్చున్న నాలుగేళ్ల బుడ్డోడు. వాడు మాట్లాడడు, నవ్వడు, బుగ్గలు రెండూ ఉబ్బించి కూర్చున్నాడు. ఏమైంది వీడికి అనుకున్నాను. "ఐనూరు!" అని డ్రైవరు కేక పెట్టగానే వాడు లేచి నోట్లో దాచుకున్న నీళ్లను పైకి చిమ్మాడు. బోరు పడింది! అందరూ ఎగిరారు. అంతసేపూ నీళ్లు మింగకుండా, ఉమ్మకుండా, నవ్వు ఆపుకుని, తన వంతు వచ్చేదాకా కాచుకున్నాడు వాడు. "కదలకుండా కూర్చో" అని మనం బెత్తం చూపించి చెప్పినా నాలుగేళ్లవాడు అంతసేపు కూర్చోడు. ఆటలో తన పని కోసం కూర్చున్నాడు.

ఇక టీచరమ్మ. ఆమె ఆటను ఆపలేదు, అలాగని తన రిజిస్టర్లలో మునిగిపోనూ లేదు. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని మేనేజరును అడిగింది, "ఎన్ని పైపులు దించినారు సార్? బిల్లు రాసుకోవద్దా?" వాడు ఒక్కో కట్టెకూ పలక మీద ఒక్కో గీత గీశాడు. గీతలు ఒకసారి లెక్కిస్తే నాలుగొచ్చాయి, రెండోసారి ఐదొచ్చాయి. ఆమె దిద్దలేదు. "ఏదీ, పైపు ముట్టుకుని గీత ముట్టుకో" అంది. కట్టెకు గీత, కట్టెకు గీత జత పెట్టుకుంటూ పోయి ఏడని తేల్చుకున్నాడు. అప్పుడామె గీతల పక్కన 7 అంకె వేసి, "ఇంత పొడుగు గీతలెందుకు సార్, ఆఫీసులో ఇట్లా రాస్తారు" అంది. వాడు దాని కిందే ఇంకో 7 వేశాడు. అది అటు తిరిగి పడుకున్న 7. ఎవరూ కొట్టెయ్యలేదు.

సరిగ్గా ఆ సమయానికే విజిట్‌కు ఒకరు వచ్చారు. వారి పేరు, పదవి, మండలం నేను చెప్పను. "ఏమ్మా, పిల్లల్ని మట్టిలో వదిలేసినావే, చదివించేది ఎప్పుడు?" అన్నారు. టీచరమ్మ గబగబా అందర్నీ లోపలికి తోలి, వరసగా కూర్చోబెట్టి, ఇంగ్లీషు రైము పాడించింది. వారు సంతోషించి, తలూపి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఒకటికొకటి జత పెట్టి లెక్కించడం, మాటకు గుర్తు, గుర్తుకు అంకె, అప్పు, తాకట్టు, లోతు, వందల్లో లెక్క, ఒకరి మాట ముగిసేదాకా ఇంకొకరు ఆగడం, ఇవన్నీ ఆ మట్టిలోనే పడి ఉన్నాయి. రిజిస్టరులో మాత్రం "పిల్లలు రైమ్స్ బాగా చెప్పుచున్నారు" అని పడింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, రాకపోతే నేను తెప్పిస్తాను. పిల్లల్ని ఆటకు వదిలేస్తే చదువు దానంతటదే వచ్చేస్తుందా? రాదు. ఆటల పక్షాన మాట్లాడేవాళ్లు ఈ చోట కొంచెం గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ ప్రీస్కూళ్లలో ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, మోయిరా డిల్లన్ తదితరులు కలిసి గణితపు ఆటల ప్రయోగం చేశారు. సుమారు పదిహేను వందల మంది, ఐదేళ్ల వయసు వాళ్లు. ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. గుంపుల్లో ఏది ఎక్కువో చూడగానే పోల్చడం, ఆకారాలు గుర్తించడం లాంటివి ఆటల వల్ల మెరుగయ్యాయి, ఏడాది దాటినా ఆ మెరుగు నిలిచింది. కానీ ఆ పిల్లలు బడిలో చేరాక అంకెల లెక్కల్లో మిగతావాళ్లను మించలేదు. ఆటలో కుదిరిన బుద్ధికి, బడిలో అడిగే అంకెకు మధ్య వంతెన కట్టినవాళ్లు లేరు. మన కంబదూరు టీచరమ్మ పలక మీద గీతల పక్కన వేసిన 7 ఉందే, ఆ వంతెన అదే. పిల్లల ఆట పిల్లల చేతుల్లోనే ఉంచి, సరైన క్షణంలో ఒక ప్రశ్న, ఒక మాట, ఒక గుర్తు అందించడం. చిన్నపిల్లల లెక్కల విషయంలో నేరుగా పాఠం చెప్పడం కన్నా ఈ రకమైన, పెద్దవాళ్లు తోడున్న ఆటే మేలని కేంబ్రిడ్జి పరిశోధకులు 2022లో పాత అధ్యయనాలన్నీ పోగేసి చూసి చెప్పారు.

అంటే తనిఖీకి వెళ్లినవారు చూడవలసింది కూడా అదే. పిల్లలు ఆడుతున్నారా అన్నది సగం ప్రశ్న. ఆడుతున్నప్పుడు టీచరు ఎక్కడ ఉంది, ఏమంది, ఏమనకుండా ఊరుకుంది? మిగతా సగం ఇది, ఇదే కష్టం. దీన్ని గుమ్మంలో నిలబడి చూడలేరు. షూ విప్పి, చాప మీద కూర్చోవాలి. కనీసం ఒక ఆట మొదలై ముగిసేదాకా. మీరు కుర్చీలో ఉన్నంతసేపూ పిల్లలు మీ మొహం చూస్తారు. చాప మీద కూర్చున్న కాసేపటికి మిమ్మల్ని మర్చిపోతారు, అప్పుడు మీకు అసలు గది కనిపిస్తుంది.

ఇదేదో కొత్తగా ఢిల్లీ నుంచో అమెరికా నుంచో దిగిందని మనవాళ్లలో ఒక గొణుగుడు ఉంది. మన సంగతి మనం మర్చిపోవడం వల్ల వచ్చిన గొణుగుడిది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఆ తొలి విడతలో మన కంబదూరు బ్లాకు ఉంది. గిరిజన ప్రాంతం నుంచి ఉట్నూరు, కరువు ప్రాంతం నుంచి కంబదూరు. పిల్లల ఆటపాటలకు అంగన్‌వాడీలో మనిషిని పెట్టే పని ఈ రాష్ట్రంలో మొదలైన తొలి చోట్లలో మన మెట్ట నేల ఒకటి. ఆ అంగన్‌వాడీ ఆలోచన అంతకు ముందు మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌లది. గిరిజన పిల్లలు బడికి రావడం లేదని వాళ్లు బడినే ఇంటి ముంగిళ్లలోకి తీసుకెళ్లారు. కోస్బాడ్‌లో పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్ల మీదే బడి పెట్టారు. గొర్రెల మందల వెంట తిరిగే కుటుంబాలున్న మన జిల్లాలో ఆ బీటి బడి గురించి ఒక్క స్కూల్ కాంప్లెక్స్ మీటింగులోనైనా మాట్లాడుకున్నామా?

తారాబాయికి తోవ చూపినవారు గిజుభాయి బధేకా. వకీలు పని మానేసి, మాంటిస్సోరిని చదివి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. ఆయన దివాస్వప్న మన భాషలో పగటికలగా వచ్చింది, చాలామంది టీచర్లు చదివారు. అందరూ అందులోని టీచరునే గుర్తుపెట్టుకుంటారు. నాకు ఆ పుస్తకంలో విద్యాధికారి ముఖ్యం. టీచరు నేరుగా వెళ్లి ఆయన్నే అడుగుతాడు, నాకు ఒక తరగతి ఇప్పించండి, నా పద్ధతిలో చెప్పనివ్వండి అని. అధికారికి నమ్మకం లేదు, నవ్వొచ్చింది కూడా. అయినా ఒక ఏడాది ఇచ్చాడు. మధ్యమధ్య వచ్చి చూశాడు, అడిగాడు, వాదించాడు. గిజుభాయి ఆ అధికారిని కథలోకి ఊరికే తేలేదు. పైన ఆ మనిషి లేకపోతే టీచరు కల రెండో వారానికే ముగిసేది.

మన దగ్గర చలం కూడా స్కూళ్ల ఇన్‌స్పెక్టరే, మర్చిపోకండి. బిడ్డల శిక్షణ రాసిన చెయ్యి, విజిట్ బుక్కుల్లో సంతకాలు పెట్టిన చెయ్యి ఒకటే.

ఇక 1980ల సంగతి. బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, అందరం ఏపీపెప్ అనే పిలిచాం. ప్రయోగ దశ ముగిశాక 1989 నుంచి రాష్ట్రమంతటా అమలైంది. దానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవడం, చేస్తూ కనుక్కుంటూ నేర్చుకోవడం, ఒక్కొక్కరుగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం. ఇప్పుడొస్తున్న పత్రాల్లో వీటికి మించి మహా అయితే ఒకటో రెండో ఉంటాయి. ఆ కాలపు టీచర్లు ఈ హాల్లో ఉన్నారు, వాళ్ల కళ్లలో మెరుపు చూస్తూనే ఉన్నాను. నేను చూసినంతలో ఆ ఆరింటిలో ఎక్కువకాలం బతికింది ఆరోది, గోడలకు అంటించడం. ఎందుకంటే అదొక్కటే గుమ్మంలోంచి కనిపిస్తుంది. విజిట్‌కు వచ్చినవారు గోడలు చూశారు. గోడలు నిండాయి. జట్టు పని, తేడాలను గమనించడం కూర్చుంటేగాని కనబడవు, కూర్చున్నవారు తక్కువ, అవి మెల్లగా జారిపోయాయి. విధానం ఓడిపోయిందని ఆ తర్వాత చాలామంది తీర్పు చెప్పారు. నా లెక్కలో అది చూపు ఓటమి.

అదే కాలంలో మన పక్కనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలున్న పల్లెబడుల కోసం కార్డులతో, బొమ్మ గుర్తులతో ఒక అభ్యాస నిచ్చెన తయారుచేశారు. పిల్లవాడు ఏ మెట్టు మీదున్నాడో వాడికే తెలుస్తుంది, ఆగిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కొచ్చు. దాన్ని చూసి వెళ్లిన కర్ణాటక టీచర్లు 1995లో హెగ్గడదేవనకోటలో నలికలి మొదలుపెట్టారు. తర్వాత అది ఆ రాష్ట్రమంతటికీ పాకింది. తమిళనాడులో చెన్నై కార్పొరేషన్ బడులతో మొదలై రాష్ట్రమంతా వెళ్లింది, దాన్ని భుజానికెత్తుకున్నది ఒక ఐఏఎస్ అధికారి, ఎం.పి. విజయకుమార్. మడకశిర దాటి పావగడ వైపు వెళ్తే రాయలసీమలో పుట్టిన పద్ధతి కన్నడంలో కనిపిస్తుంది. ఇవతలి గట్టున మనం దాన్ని శిక్షణల్లో ఉదాహరణగా చెప్పుకుంటాం.

ఇప్పటి పరిస్థితికి వస్తాను, ఇది త్వరగా ముగిస్తాను, మీకే నా కన్నా బాగా తెలుసు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలు అక్కర్లేదని తేల్చింది. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్రంలో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లో ఉన్న హైస్కూళ్లకు తరలించింది. ఒకటి, రెండు అంగన్‌వాడీతో జతపడ్డాయి. 2025లో ఆ జీవో పోయింది, బడులకు మళ్లీ కొత్త పేర్లు వచ్చాయి. పేర్లు మారుతున్నంతసేపూ అంగన్‌వాడీ కార్యకర్త ఒక శాఖకు, ఒకటో తరగతి టీచరు ఇంకో శాఖకు చెందినవారిగానే ఉన్నారు. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. ఒక పిల్లవాడు జూన్ నెలలో ఆ గోడ దాటుతాడు. వాడి గురించి ఇటువైపు మనిషి అటువైపు మనిషితో ఒక్క మాట చెప్పే ఏర్పాటు లేదు. దీనికి జీవో అక్కర్లేదు. హెడ్మాస్టరు ఏప్రిల్ చివర ఇద్దరినీ కూర్చోబెట్టి టీ తెప్పిస్తే చాలు.

కార్యకర్త మీద పడ్డ పని కూడా చెప్పాలి. బాలింతలు, గర్భిణులు, పాలు, గుడ్లు, బరువులు, యాప్‌లో ఫొటోలు, సర్వేలు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు వాళ్లు రోడ్డు మీద ఎందుకు కూర్చున్నారో తెలియనివారు లేరు. ఇంత పనిలో ఆట దగ్గర కూర్చునే తీరిక ఎక్కడిది అని మీరడిగితే, న్యాయమైన ప్రశ్నే. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొన్ని అంగన్‌వాడీలకు చదువు చెప్పడానికే సగం పూట ఇంకో మనిషిని ఇచ్చారు. పిల్లలకు చెప్పే సమయం రెట్టింపయింది, లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి, పిల్లల పోషణ కూడా బాగుపడింది. రెండో మనిషిని ఇవ్వడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. కానీ ఉదయం పది నుంచి పదకొండున్నర దాకా కార్యకర్తను ఏ మీటింగుకూ పిలవకుండా, ఏ ఫొటో అడగకుండా, ఏ ఫోనూ చేయకుండా ఉండటం ఈ ముందు వరుసల చేతిలోనే ఉంది.

ప్రైవేటు స్కూళ్లవారు నవ్వుకుంటున్నట్టున్నారు, ఇదంతా సర్కారు బాధ అని. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కేంద్రం కలిసి రాజస్థాన్, అస్సాంలతో పాటు తెలంగాణలో పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి చూశాయి. 2017లో నివేదిక వచ్చింది. అంగన్‌వాడీల్లో చదువు తక్కువ, ప్రైవేటు ఎల్‌కేజీల్లో ఒకటో తరగతి పాఠమే ముందుకు జరిగింది, వయసుకు తగిన పని రెండు చోట్లా కరువు. ఇదీ దాని సారాంశం. మన జిల్లా కూడా ఒక పెద్ద అధ్యయనంలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ వారి యంగ్ లైవ్స్ 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల జీవితాలను అనుసరిస్తోంది, అనంతపురం పిల్లలు అందులో ఉన్నారు. అప్పు చేసైనా కాన్వెంటుకు పంపాలన్న తల్లిదండ్రుల ఆరాటం ఆ పరిశోధనల్లో పదేపదే కనబడుతుంది.

ఆ ఆరాటాన్ని ఎగతాళి చేయకండి. శెనక్కాయ పంట వరసగా ఎండిపోయిన ఇంట్లో, బిడ్డ రాసిన ఏబీసీడీ కాగితం ఒక్కటే చేతికొచ్చిన ఫలితం. "ఆడుకోడానికైతే ఇంటికాడే ఆడుకుంటాడు గదా సార్, బడికి ఎందుకు పంపేది?" అని తండ్రి అడిగితే ఏం చెప్పాలి? మెదడు గురించి చెబితే ఆయన మర్యాదకు తలూపుతాడు. చెయ్యి చూపించి చెప్పండి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిది గట్టిపడేసరికి ఎనిమిదేళ్లు దాటుతాయి. నాలుగేళ్ల చేతికి సగమే తయారు. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల పుస్తకం నింపమంటే పదును లేకుండా విత్తనం వేసినట్టే, రైతు ఏ వాదమూ లేకుండా ఒప్పుకుంటాడు. విత్తనాల కోసం అమ్మమ్మ పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలిచే పిల్లవాడి బొటనవేలు, చూపుడువేలు పెన్సిల్ పట్టు నేర్చుకుంటున్నాయి. ముద్దముద్దగా బంకమట్టి పిసికేవాడి మణికట్టు రేపు గుండ్రటి అక్షరాలు తిప్పడానికి బలం తెచ్చుకుంటోంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే గదా.

సామాన్ల సంగతి. 2023లో వచ్చిన జాదుయీ పిటారా అనే ఆటసామాన్ల పెట్టె చాలా బడులకు చేరింది. కొన్నిచోట్ల అది బీరువాలో, బీరువా తాళం హెడ్మాస్టరు జేబులో ఉంది. పోతే ఎవరు కట్టాలి అనే భయం. ఈ ఒక్క విషయంలో మీరు రాతపూర్వకంగా ఒక మాట ఇవ్వండి, "ఆడుతూ విరిగితే టీచరు బాధ్యత కాదు" అని. బీరువా తెరుచుకుంటుంది. పెట్టె లేనిచోట మన ఊళ్లో దొరికేవే చాలు. వామనగుంటలకు చెక్క కూడా అక్కర్లేదు, నేల మీద గుంటలు చాలు. తొక్కుడుబిళ్ల, అచ్చనగిల్లలు, మొక్కజొన్న బెండ్లు, కుండపెంకులు, పాత పడి, సోల. చింతపిక్కలు బంగారం లాంటి వస్తువు, కానీ మూడేళ్లవాడి ముక్కులోకి, చెవిలోకి దూరతాయి. ఆ వయసుకు పెద్ద సైజు గులకరాళ్లు ఇవ్వండి, చిన్న గింజలు నాలుగున్నర దాటిన జట్టుకే. ఇట్లాంటి జాగ్రత్త చెప్పే సూపర్‌వైజరు మాట టీచరు వింటుంది. "టీఎల్‌ఎం (బోధన సామగ్రి) పెంచండి" అని రాసిపోయే వారి మాట ఫైలు వింటుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టింది పేరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలు ఇప్పుడు నగరాల ఇళ్లలో దీపాలకు తొడుగులయ్యాయి, మంచిదే, కడుపు నిండాలి. కానీ తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడు, బంగారక్కలు ఆడిన నేల మీద ఎన్ని చిన్నపిల్లల గదుల్లో ఒక బొమ్మ ఉంది? అట్టముక్కతో చేసిన కేతిగాడైనా చాలు. నాకు తెలిసిన ఒక పాప, కొడుకును కోడలును బెంగళూరు బేల్దారి పనికి పంపి మనవరాలిని సాకుతున్న అవ్వ దగ్గరి పాప, టీచరుతో నెలల తరబడి ఒక్క మాట మాట్లాడలేదు. కేతిగాడు వచ్చి "మీ అవ్వ ఏం కూర చేసిందే?" అంటే "గోగాకు" అంది. తర్వాత కేతిగాడితో చాలా మాట్లాడింది. టీచరు బొమ్మ వెనకాల నుంచి వింది.

వలసల జిల్లాలో ఆట చేసే పని ఇది. ఇక్కడ పిల్లలు సంవత్సరం పొడుగునా ఒకేలా ఉండరు. పంట పోతే కేరళకో బెంగళూరుకో పోతారు, ఉగాదికి వస్తారు, మళ్లీ పోతారు. పాఠం నంబరు పదిలో వెళ్లినవాడు ఇరవై రెండులో తిరిగొస్తే మధ్యది వాడికి అందదు. బోరు ఆటలోకి మాత్రం వాడు ఎప్పుడొచ్చినా చొరబడతాడు. పైగా వచ్చేటప్పుడు కొత్త సరుకు తెస్తాడు, లిఫ్టు ఆట, మెట్రో రైలు ఆట, నాలుగు కన్నడ మాటలు. హాజరు సరిగా లేదని మీరు రాసే పిల్లవాడే ఆ గదిలో కొన్నిరోజులు అందరికన్నా ఎక్కువ చెప్పగలిగినవాడు.

నిర్వాహకులు గంట కొట్టబోతున్నారు. చేయగలిగినవి కొన్ని చెప్పి దిగిపోతాను. ఆటల వారోత్సవం, ఆటల దినోత్సవం, ఆటల బ్యానరు, ఫొటో అప్‌లోడు, వీటి జోలికి పోకండి. చిన్నపిల్లల ఆట ఫొటో కోసం ఆగితే చచ్చిపోతుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఉపన్యాసం బదులు వాళ్లనే గుంటల దగ్గర కూర్చోబెట్టి వామనగుంటలు ఆడించండి. లెక్క ఎక్కడుందో వాళ్లే మీకు చెబుతారు, అవ్వలు మరీ ముందుంటారు. సూపర్‌వైజరు, ఎంఈఓ నెలకొక గదికైనా కలిసి వెళ్లండి, రెండు శాఖల రెండు ప్రశ్నలు టీచరు మీద విడివిడిగా పడకుండా.

విజిట్ బుక్కులో ఇప్పుడున్న గడులను మీరు మార్చలేరు, అవి పైనుంచి అచ్చయి వస్తాయి. రిమార్కుల కింద ఖాళీ ఉంటుంది. అక్కడ మూడు సంగతులు రాయండి. నేను కూర్చుని చూసిన ఆట ఇది. అందులో ఫలానా పిల్లవాడు ఫలానాది చేశాడు. అప్పుడు టీచరు ఇలా అంది. అంతే, మెచ్చుకోలూ వద్దు, సూచనలూ వద్దు. ఈ మూడూ రాయాలంటే కూర్చోక తప్పదు, అది నా కుట్ర. వచ్చే కాంప్లెక్స్ మీటింగుకు ప్రతి ఒక్కరూ అలాంటి ఒక్క పేజీ పట్టుకొచ్చి చదవండి. గుడ్ల లెక్క, హాజరు లెక్క మధ్యాహ్నం భోజనం తర్వాత చూసుకోవచ్చు.